రుచుల బావ బరువు

తన కొట్టు గుల్లవడానికి కారణం రుచుల బావేనని కొట్టాయన అడిగినవాడికల్లా చెప్పేవాడు. అడగనివాణ్ణి ఆపి మరీ చెప్పేవాడు. బావంటే పరాయివాడు కాదు, స్వయానా అక్క మొగుడు. రోజూ సాయంత్రం చేతులూపుకుంటూ వస్తాడు. జీడిపప్పు డబ్బాలో ఒక చెయ్యి, ఎండుద్రాక్షలో ఇంకో చెయ్యి. దవడలు ఆడిస్తూ కొట్టంతా ఒక చుట్టు చుట్టి, చివరికి ఉప్పు ప్యాకెట్ ఒకటి కొని, దానికి మాత్రం చిల్లర లెక్కపెట్టి ఇచ్చి పోతాడు.

ఆ సాయంత్రం కొట్టాయన కాచుకుని కూర్చున్నాడు. బస్తాలు తూచే కాటాని ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. ఆ కాటా అంటే అతనికి ప్రాణం. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు, దుమ్ము తుడవాలన్నా తనే.

బావ మెట్లెక్కి ఆగాడు.

“ఇదేంటి బామ్మర్దీ, గుమ్మంలో?”

“కొత్త పద్ధతి బావా. లోపలికెళ్ళేటప్పుడు ఒకసారి ఎక్కు, వచ్చేటప్పుడు ఒకసారి ఎక్కు. మధ్యలో ఎంత పెరిగితే అంతకీ జీడిపప్పు ధర కట్టు.”

కొట్లో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. బియ్యం తూయించుకుని నిలబడ్డ ముసలమ్మ నవ్వింది. చక్కెర సంచి పట్టుకున్న పక్కవీధి ఆసుపత్రి నర్సు కూడా నవ్వింది.

“రుచి చూడకుండా సరుకెలా కొంటారయ్యా?” అన్నాడు బావ.

“నువ్వు కొనేది ఉప్పు. జీడిపప్పు నమిలితే ఉప్పు రుచి తెలుస్తుందా?”

ఈసారి నవ్వు వీధిలోకి వినబడింది. బావ మాత్రం తగ్గలేదు.

“మొన్న ఎండుద్రాక్ష పుల్లగా ఉందని నేను చెప్పబట్టే కదా ఈ పెద్దమ్మ కొనకుండా బతికిపోయింది! ఊరికే తింటున్నానా, నలుగురికీ సేవ చేస్తున్నాను.”

“ఆ సేవే నా కొంప ముంచుతోంది. డబ్బిచ్చేదాకా సరుకు కొట్టువాడిది. ముందే నోట్లో వేసుకుంటే దాన్ని రుచి చూడ్డం అనరు బావా, దానికి వేరే పేరుంది. అక్క మొహం చూసి ఆ మాట అనట్లేదు.”

అనని ఆ మాట అందరికీ వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. బావ చెవులు ఎర్రబడ్డాయి.

“పోనీలే నాయనా, ఇంటల్లుడు. నాలుగు గింజలు తింటే ఏం పోతుంది?” అంది ముసలమ్మ.

“గింజా గింజా కలిస్తేనే బస్తా పెద్దమ్మా. ఒకరి గింజ ఇంకొకరి నోట్లోకి పోకూడదు. అదీ నా నీతి.”

“అదీ నిజమే. మా ఇంట్లోనూ నెల తిరక్కుండానే బియ్యం అడుగంటుతున్నాయి. కోడలు ఎక్కువ వండి పారబోస్తోందేమో చూసుకో అన్నావు కదా, అప్పట్నుంచీ రోజూ దానితో రభసే.”

“చూసుకో మరి. కొంపలు గుల్లయ్యేది అలాగే.”

బావ చెప్పులు విప్పి కాటా ఎక్కాడు. ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి నిలబడ్డాయి.

“డెబ్బై ఆరు!” కొట్టాయన వేలంపాటలో అరిచినట్టు అరిచాడు.

బావ అంకెల వంక చూశాడు. దిగి మళ్ళీ ఎక్కాడు. డెబ్బై ఆరే.

“బామ్మర్దీ, ఇందులో ఏదో తేడా ఉంది.”

“మొహం బాగాలేక అద్దాన్ని తిట్టినట్టుంది నీ వరస.”

“అందరికీ దీనిమీదే తూస్తావా?”

“దీనిమీదే. ఈ పెద్దమ్మ బియ్యం కూడా ఇందాక దీనిమీదే తూచాను. నా కాటా తప్పు చూపించిందా, ఇన్నాళ్ళూ ఎవరికెంత తగ్గిందో అంతా నిలబడి పోస్తాను. సరేనా? ఇక లోపలికి నడు.” కోపం మీదున్నవాడికి నోటికి అడ్డేముంది?

బావ లోపలికి నడవలేదు. నర్సు వైపు తిరిగాడు.

“అమ్మా, పొద్దున మీ ఆసుపత్రిలో నన్ను తూచారు కదా. ఎంతన్నారు?”

“డెబ్బై రెండు. జీడిపప్పు తగ్గించమని కూడా చెప్పాను,” అంటూనే ఆవిడ ఎర్ర అంకెల వంక చూసింది. తర్వాత చేతిలోని చక్కెర సంచి వంక చూసింది.

“పొద్దుట్నుంచీ ఏం తిన్నాడో ఏమో…” కొట్టాయన నసిగాడు.

“నాలుగు కిలోలు తిన్నాడా?” నర్సు సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి తనే కాటా ఎక్కింది. “నేను రోజూ చూసుకుంటాను. యాభై నాలుగు.”

అంకెలు యాభై ఏడు దగ్గర ఆగాయి.

ముసలమ్మ తన బియ్యం సంచిని కాటా పక్కన ధబ్బున దింపింది.

“బియ్యం సంగతి తర్వాత. ముందు మా ఇంటికి నడు. వచ్చి నా కోడలికి నువ్వే చెప్పు.”

దీపాలు పెట్టే వేళకి ఆసుపత్రి కాటా గుమ్మంలోకి వచ్చింది, దాని వెనకే వీధంతా సంచులతో వచ్చింది. అన్న మాటకి కట్టుబడి తగ్గిందంతా పోసేసరికి కొట్లో తొమ్మిది బస్తాల బియ్యం ఖాళీ అయ్యాయి. ఇన్నేళ్ళలో బావ తిన్న జీడిపప్పు మాత్రం, కొట్టాయన కాటా మీద తూచినా సరే, ఒక్క బస్తాకి రాదు.