గోవిందమ్మ చెవులు

“మీ అమ్మకు చెవుడని ఎవరు చెప్పినారు?” డాక్టరు రామానుజం సూటిగా నరసింహులు ముఖంలోకి చూస్తూ అడిగాడు.

నరసింహులు వంటింటి తలుపు వైపు చూశాడు. దాని వెనక అతని భార్య కమలాక్షమ్మ నిలబడి ఉంది.

“పిలిస్తే పలకదు స్వామీ. దొడ్లో దొంగలు పడినా తెలీదు. తాళాలు మాత్రం ఇయ్యదు,” అని తలొంచుకుని గొణిగాడు.

“తలెత్తి మాట్లాడప్పా. గొణిగేవాళ్ళంటే నాకు సరిపడదు.”

నరసింహులు తలెత్తి మళ్ళీ చెప్పాడు. డాక్టరు అరవై దాటిన మనిషి. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో మసి కొట్టుకుని వచ్చాడు. ఆ మాత్రం చిరాకు ఉండదా అని నరసింహులు అనుకున్నాడు.

గోవిందమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నడుముకు తాళంచెవుల గుత్తి, కాళ్ళ దగ్గర నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడకుక్క చుక్కి. చెవుడు మాట నిజమే. రెండేళ్ళుగా పిడుగు పడినా ఆమెకు వినపడదు. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకునేది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే చుక్కి మూతితో ఆమె పాదాన్ని నెట్టేది. ఆమె అటు తిరిగి “ఏందీ?” అనేది.

యుద్ధం రోజులు. కరువైపోయిన చక్కెర, కిరసనాయిలు తాళం వేసిన కొట్టుగదిలో భద్రంగా ఉండేవి. ఏది కావాలన్నా ఇంటిల్లిపాదీ ఆమె దగ్గరికి రావాల్సిందే. తాళాలు పోతే తనను పలకరించేవాళ్ళే ఉండరని గోవిందమ్మ దిగులు. కోడలిని చూస్తే ఆ దిగులు ఊరికే పుట్టలేదని ఎవరికైనా తెలుస్తుంది. అత్తకు చెవుడని డాక్టరు చేత రాయించి తాళాలు తీసుకోవాలని ఆ కోడలి పట్టు.

డాక్టరు మెడలోని గొట్టం తీయకుండానే ఆమె నాడి చూశాడు. తర్వాత ఇత్తడి చెంబు, చెంచా అందుకుని ఆమె వెనక్కి వెళ్ళి టంగుమని కొట్టాడు. చుక్కి పాదాన్ని నెట్టింది.

“మెల్లగ కొట్టు స్వామీ, చెంబు సొట్టపోతాది!” అంది గోవిందమ్మ.

డాక్టరు నరసింహులు ముఖం చూశాడు. అది వాడిపోయి ఉంది. “భేష్,” అన్నాడు.

“ఆ కుక్కే చెప్తాండాది! దాన్ని బయట కట్టేసి చూడమను!” అని తలుపు వెనక నుంచి కమలాక్షమ్మ అరిచింది.

చుక్కి అటు చూసింది. డాక్టరు చూడలేదు. తలుపు చాటు ఆడవాళ్ళ వైపు చూసే మనిషి కాదని నరసింహులుకు గౌరవం కలిగింది. దగ్గరికొచ్చి భార్య మాటలు తానే చెప్పాడు.

“సరే, కట్టెయ్యి.”

చుక్కిని ఈడ్చుకుపోయారు. గోవిందమ్మ చెయ్యి తాళాల గుత్తిని బిగించి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు చెంచా ఎత్తినవాడు ఆమె చేతిని చూసి, చెంచా దించేశాడు. ముందుకొచ్చి మళ్ళీ నాడి పట్టుకున్నాడు.

“నాడి గుర్రంలా ఎగురుతాండాది! ముసలిదాన్ని చంపుతారా ఏందీ? ఈ వయసులో మూగజీవి పక్కనుంటే గుండెకు నిమ్మళం, నిద్రకు మేలు. పో, బేగా తీసుకరా దాన్ని!”

చుక్కి తిరిగొచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. డాక్టరు కాగితం తీసి, రాస్తూనే పైకి చదివాడు. “చెవులు భేషుగ్గా ఉన్నాయి. తాళాలు ఈమె దగ్గరే ఉండవచ్చును. కుక్కకు రోజూ పాలు పోయవలెను.”

వంటింట్లో గిన్నె ఒకటి దబ్బున కిందపడింది. అది పడిందో, పడేశారో చెప్పలేం. చుక్కి పాదాన్ని నెట్టింది.

“ఏందీ కమలాక్షీ?” అని గోవిందమ్మ దర్జాగా అడిగింది. డాక్టరు తలెత్తకుండా సంతకం చేశాడు.

బస్సు ఆపడానికి నరసింహులు ముందుగా రోడ్డు మీదికి పరిగెత్తాడు. గోవిందమ్మ చుక్కితో పాటు వాకిలి దాకా సాగనంపింది. ఆమె వైపు తిరిగి నిలబడిన డాక్టరు వీపు వెనక బస్సు వచ్చి ఆగి, రెండుసార్లు హారను కొట్టింది. చుక్కి మొరిగింది. డాక్టరు కదల్లేదు. వాకిట్లో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రం నిదానంగా కదిపాడు.

“చుక్కి పిల్లలు పెడితే నాకొకటి పంపించమ్మా.”

“నీకెందుకు స్వామీ?”

“నాకూ వినపడదు.”