తెల్లబూట్ల ఆవిడకి పొగచేప రొట్టె

"వచ్చేస్తోంది. తెల్లబూట్లు, చేతిలో నోటుబుక్కు. ఇంకెవరు, ఆహార తనిఖీ ఆవిడే!" అంది గ్రేటె, కిటికీలోంచి చూస్తూ.

ఆమె మొగుడు, చేపలకి పొగపెట్టి అమ్మే టోర్కిల్, గబగబా బల్ల తుడిచాడు. తనిఖీవాళ్లు చెప్పి రారు. నచ్చకపోతే ఏడుపు మొహం బొమ్మ ఒకటి తలుపుకి అంటించి పోతారు. బోర్న్‌హోమ్ దీవికి వేసవిలో వచ్చే జనం ఆ బొమ్మ చూశారంటే ఇక ఆ గుమ్మం తొక్కరు.

ఆవిడ లోపలికొచ్చింది. "భోజనానికి పొగచేప రొట్టె ఒకటి కావాలి. మీరు చేస్తుంటే చూడొచ్చా?"

"అయ్యో, చూడకపోతే ఎలా మేడమ్!" అన్నాడు టోర్కిల్. మామూలుగా వంటగదిలోకి తొంగిచూసినవాళ్లని చేపల కత్తితో పలకరించే మనిషి. ఇవాళ తలకి టోపీ, చేతులకి తొడుగులు, మొహానికి నవ్వు, మూడూ ఒక్కసారే తొడిగాడు.

నల్లరొట్టె ముక్క కోసి అంచుల దాకా వెన్న రాశాడు. బంగారు రంగు హెర్రింగ్ చేపకి తోలు ఒలిచి, ముళ్లు తీసి, పైన పరిచాడు. ముల్లంగి బిళ్లలు, తరిగిన ఉల్లికాడలు చల్లాడు. నడిమధ్య పచ్చసొన నిలబెట్టాడు.

"గుడ్డు తాజాదేనా?"

"పొద్దున పెట్టిందే మేడమ్. కోడిని పిలవమంటారా?"

"వద్దు. చేపని ఉప్పునీళ్లలో ఎంతసేపు ఉంచుతారు?"

టోర్కిల్ చేతిలో కత్తి కింద పెట్టాడు. అది తాత తండ్రికి, తండ్రి తనకి చెవిలో చెప్పిన సంగతి. సొంత తమ్ముడు కాళ్లావేళ్లా పడినా చెప్పలేదు.

"నలభై నిమిషాలు మేడమ్. ఒక్క నిమిషం ఎక్కువ కాదు."

ఆవిడ రాసుకుంది. "కట్టె?"

"ఆల్డర్ కట్టె. రెండేళ్లు ఎండింది. చివరి అరగంట... గుప్పెడు జూనిపర్ కొమ్మలు."

"ఆ వాసన అదా!" గ్రేటె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముప్ఫై ఒక్క ఏళ్లు కాపురం చేశాను. అడిగినప్పుడల్లా సముద్రపు గాలి మహిమ అన్నావు కదయ్యా!"

"పెళ్లాం అడగడం వేరు, ప్రభుత్వం అడగడం వేరు. నువ్వు ఊరుకో!"

ఊరుకోవలసినవాడు మాత్రం ఊరుకోలేదు. ఆవిడని పొగగూటి దగ్గరకి తీసుకెళ్లి తలుపు తెరిచి చూపించాడు. అడగనివాటికి కూడా జవాబులు చెప్పాడు. ఏ పడవవాడి చేప మంచిదో చెప్పాడు, ఏ వారం కొనకూడదో చెప్పాడు. ఆవిడ రాయలేక చెయ్యి విదుల్చుకుంటే, కాసేపు ఆగి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. అంత నిజాయితీ ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ చూడలేదు.

ఆవిడ కత్తీ ఫోర్కుతో రొట్టె తీరిగ్గా తినేసి, మూతి తుడుచుకుని, పుస్తకం మూసింది.

"అద్భుతంగా ఉంది. మీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు."

"మీ దయ మేడమ్," టోర్కిల్ చేతులు నలుపుకున్నాడు. "మరి మా తలుపుకి నవ్వు మొహమే అంటిస్తారుగా?"

"అంటించడానికి నేనెవర్నండీ?" ఆవిడ ఆశ్చర్యపోయింది. "మీ ఎదురు కొట్టు అద్దెకి తీసుకున్నాం, సోమవారం నుంచి మేమూ పొగచేప రొట్టెలే పెడుతున్నాం. ఇంత దాపరికం లేని మనిషి పోటీకి దొరకడం మా అదృష్టం!"