నలభై కర్రలు

“నలభై మందిని పంపు చాలు బావా. కర్రలు మావే,” అన్నాడు గాలెయ్య, తాంబూలం పళ్లెం అంకన్న ముందుకు జరుపుతూ.

అంకన్న చెయ్యి చాపలేదు. తాంబూలం అందుకుంటే మాట ఇచ్చినట్టే. మాట ఇస్తే తెల్లారేసరికి తన ఊరి మగవాళ్లు గాలెయ్య ఊరివాళ్లతో కలిసి ఎగువపల్లె మీదికి పోవాలి. ఎగువపల్లెవాళ్లు వాగుకు అడ్డంగా వేసుకున్న కట్ట తెగ్గొట్టాలి. అక్కడ నూరు మంది గొడ్డళ్లతో కాపలా ఉన్నారు.

“మాకూ ఎగువపల్లెకూ తగాదా ఏముంది బావా?” అన్నాడు అంకన్న.

గాలెయ్య పక్కన కూర్చున్న ఓబులేసుకు ఒళ్లు మండింది. కట్ట మీదికి మొదట దూకేది తానేనని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. గాలెయ్యకు ఉన్నది వాడొక్కడే కొడుకు.

“పదేండ్ల కిందట మీ బీడు తగాదాలో మాకేముండె మామా? తల పగిలి సచ్చినాడు గదా మా చిన్నాయన, మీకోసం.”

అంకన్న తల వంచుకున్నాడు. తమ్ముడి శవాన్ని బండిలో వేసుకుని ఈ ఊరినుంచే ఇంటికి పోయాడు గాలెయ్య. అది ఇద్దరూ మరిచిపోలేదు. అంకన్న చెయ్యి పళ్లెం వైపు కదిలినట్టనిపించి గాలెయ్య పళ్లెం అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“మేలు మరిచేటోణ్ణి కాదు,” అన్నాడు చివరికి అంకన్న. “జర్మనీ మీద యుద్ధానికి తెల్లదొరలు మనల్ని అడగనన్నా అడగలే, దింపేసినారు. మీరు మర్యాదగా తాంబూలం తెచ్చినారు. కానీ నిన్న సాయంత్రం అంకమ్మ తల్లి కొలుపుకు చాటింపు వేయించినా. కొలుపు అయ్యేదాకా మా మగోళ్లు పొలిమేర దాటేదానికి లేదు.”

“మీ కొలుపు ఎండాకాలం గదా? ఇప్పుడేంది?” అన్నాడు ఓబులేసు.

“వానల్లేవు గదరా.”

“వానలు కాదు, భయం. కావాలనే వేయించినావు.”

అంకన్న గాలెయ్య వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు.

“ఒక్క పూటకన్నా పంపలేవా బావా?” అన్నాడు గాలెయ్య.

“అమ్మవారి ఆన.”

“పిరికోళ్లతో మాటలేంది, లెయ్ నాయనా. ఈ పొద్దుతో మీకూ మాకూ చెల్లు.” ఓబులేసు విసురుగా వీధిలోకి నడిచాడు.

గాలెయ్య పళ్లెం వెనక్కి తీసుకున్నాడు. తాతలనాటి పొత్తు ఆ వసారాలోనే తెగిపోయింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

మైలు దూరం నడిచేసరికి ఓబులేసు ఆవేశం చల్లారింది.

“ఆ నలభై మంది లేకుంటే మనవల్ల కాదు నాయనా. మార్కాపురం పోయి తాసిల్దారుకు అర్జీ పెట్టుకుందాం. అంకన్న మొకం మాత్రం జన్మలో చూడను.”

“చూడొద్దులే,” అన్నాడు గాలెయ్య.

చాటింపు వేయించమని మొన్న అంకన్నకు కబురు పంపింది ఆయనే.