మక్బూల్ చూపించిన మచ్చ

"కోత వద్దు, ఏమద్దు. బండి తియ్యమను, సుల్తానాబాద్ పోదాం." ఆసుపత్రి మంచం దిగి జగన్మోహన్‌రావు చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

ఆ చెప్పులను భార్య ప్రమోదిని ఎప్పుడో సంచిలో దాచేసింది. "జర ఇనుండ్రి. ప్రొస్టేట్ క్యాన్సర్ పొత్తికడుపుల లింఫు బిళ్లలకు పాకిందో లేదో తెల్వాలంటే అవి తీసి చూడాల్నట. అటెన్కనే రేడియేషన్ కరెంటు పెడుతరట. డాక్టర్ చెప్పంగ మీరు సుత ఇన్నరు గద?"

"ఇన్న. రేపు పానం ఎట్లున్నదని మందలించ వచ్చినోళ్లంత కోత యాడ వడ్డదని అడుగుతరు. ఏం జెప్పాలె?"

ఊళ్లో ఎవరి పంచాయితీ అయినా తెంపే మనిషి, తన జబ్బున్న చోటు చెప్పలేక, కిడ్నీలో రాయికని చెప్పి కరీంనగర్ వచ్చాడు. అది సిగ్గు సగం, భయం సగం అని ప్రమోదినికి తెలుసు. ఇక లాభం లేదని ఆయన చిన్ననాటి దోస్తు, బట్టల దుకాణం మక్బూల్‌కు ఫోన్ కొట్టి సంగతంతా చెప్పింది.

మక్బూల్ వస్తూనే గది తలుపు గడియ పెట్టాడు. "చెల్లె, నువ్వు జర అటు తిరుగు." అంగీ పైకెత్తి, పొత్తికడుపు మీద పాత కోత మచ్చ చూపించాడు.

"గిదేందిరా?"

"నాకు సుత నీ జబ్బే. గీ ఆపరేషనే. సిగ్గయి ఎవ్వలికీ చెప్పలే. చీమ కుట్టినట్టయింది, గంతే."

జగన్మోహన్‌రావు ఆ మచ్చను తడిమి తడిమి చూశాడు. "గింత దోస్తువు, నాకు సుత చెప్పకపోతివి" అని అలిగాడు. ఆ అలకలోనే డాక్టర్‌కు సరేనన్నాడు.

ఆపరేషన్ అయింది. కుట్లు విప్పే రోజు రిపోర్టు కూడా వచ్చింది. బిళ్లలకు ఏమీ పాకలేదు, ఇక కరెంటు పెడితే చాలన్నారు. ప్రమోదిని ఏడ్చింది, నవ్వింది, ఫ్లాస్కులోని చాయ్ గ్లాసుల్లో పోసింది. అప్పటికే అక్కడికి వచ్చి కూర్చున్న మక్బూల్‌కు మొదటి గ్లాసు ఇచ్చింది.

"నాకద్దు చెల్లె."

మక్బూల్ చాయ్ వద్దనడం వాళ్లిద్దరూ ఎన్నడూ వినలేదు.

"ఏందిరా, రంజాన్ రోజాలు సుత కావు గద?" అన్నాడు జగన్మోహన్‌రావు.

మక్బూల్ జరిగి వచ్చి దోస్తు చేయి పట్టుకున్నాడు.

"గా మచ్చ అపెండిక్స్‌ది, జగన్" అన్నాడు గొంతు తగ్గించి. "జబ్బు మాత్రం నీదే. జర నిజం చెప్పు, బాగ నొస్తదా? ఇంకో గంటల నా బిళ్లలు తీస్తున్నరు."