వానలో చూడాల్సిన ఇల్లు

"ఆగు మెర్సీ. ఇంకా పడుద్ది."

ఏడాదిగా ఎబినేజర్ మాస్టారి నోట ఇదే మాట. పడాల్సింది ఇళ్ల రేట్లు. ఈలోగా వాళ్లుండే అమలాపురం అద్దె ఇంటి వంటగదిలో వాన మాత్రం బాగానే పడుతోంది.

"మీరు ఆగుతున్నారు. వానే ఆగట్లేదు," అంది మెర్సీ, కారుతున్న చోటికి బిందె జరుపుతూ.

గోడకు మేకు కొట్టాలన్నా ఓనరు రాజేశ్వరమ్మగారిని అడగాలి. కరివేపాకు మొక్క కుండీలోనే ముసలిదైపోతోంది. మెర్సీకి సొంత ఇల్లు కావాలి, అంతే. మాస్టారికీ కావాలి. కానీ పడిపోయే బజార్లో ఎక్కువ పెట్టి కొన్నాడని స్టాఫ్‌రూములో ఎవరూ నవ్వకూడదు.

చివరికి బ్రోకరు అంజిబాబు పి.గన్నవరంలో ఒక పెంకుటిల్లు చూపించాడు. మాస్టారి బడికి నడిచి వెళ్లేంత దూరం. ముందు కాలువ, వెనక కొబ్బరిచెట్లు. మెర్సీ పెరట్లో నిలబడి, కరివేపాకు ఎక్కడ పాతాలో అప్పుడే చూసేసుకుంది.

"ఓనరుగారేరండి?" అడిగాడు మాస్టారు.

"ఆయన రారండి. ఏదున్నా నాతోనేనండి."

అమ్మేవాడూ కొనేవాడూ మాట్లాడేసుకుంటే బ్రోకరు కమీషను గోదాట్లో కలిసినట్టే కదా మరి.

లోపల ఎవరో ఒక పెద్దాయన ఉన్నాడు. లుంగీ, భుజాన తువ్వాలు. గోడలు తట్టి చూస్తున్నాడు.

"కొనడానికొచ్చేరాండీ?"

"ఆయ్."

"వెనక గది కురుస్తుందండి. దూలానికి చెద పట్టింది. పెద్ద వరదొస్తే మెట్టు దాకా నీళ్లండి. వానలో చూడకుండా ఏ ఇల్లూ తీసుకోకండి."

అంజిబాబు ఆయన వైపు గుర్రుగా చూశాడు.

బయటికొచ్చాక మాస్టారు గొంతు తగ్గించాడు. "చూసేవా? మనల్ని బెదరగొట్టి తను కొట్టేద్దామని. ఎన్ని తెలివితేటలో."

అలాగని ఊరుకోలేదు. పెద్దాయన చెప్పిన లోపాలన్నీ అంజిబాబుకే అప్పజెప్పి, రేటు తగ్గించమన్నాడు. వారం తిరక్కుండా తగ్గింది.

"ఆగమన్నానా? ఇంకా పడుద్ది," అన్నాడు మెర్సీతో.

వాన పట్టిన రోజు చూసుకుని మళ్లీ వెళ్లారు. గొడుగేసుకుని పెద్దాయన అక్కడే ఉన్నాడు. కురిసే చోటల్లా దగ్గరుండి చూపించాడు.

మెర్సీకి జాలేసింది. "మీకూ ఇల్లు కావాలా బాబాయిగారూ?"

"కావాలి కదండీ మరి. ప్రస్తుతం బావమరిది ఇంట్లో సర్దుకున్నాం. మా ఆవిడకేమో అమలాపురం బజార్లో ఉండాలని సరదా. అద్దెకైనా సరేనంటుందండి."

మాస్టారి బుర్ర చురుగ్గా పనిచేసింది. పోటీ వదిలించుకోడానికి ఇంతకన్నా మంచి దారేముంది?

"అయితే మేముండే ఇల్లు చూడండి. నడిబజారు. త్వరలో ఖాళీ చేసేస్తాం. బంగారం లాంటి ఇల్లండి. చుక్క కురవదు. నీళ్లకి కొదవే లేదు."

మెర్సీకి పొలమారింది.

ఆ ఆదివారం జోరువాన. మాస్టారు ఇంట్లో లేడు. రాజేశ్వరమ్మగారు ఎవరో ఒకావిడకు ఇల్లు చూపించడానికి తీసుకొచ్చి, ఫోను మోగితే పక్కనే ఉన్న తన వాటాలోకి వెళ్లింది.

మెర్సీ ఉండబట్టలేకపోయింది.

"వదినగారూ, ఒక్కమాటండి. ఇక్కడ బిందె పెట్టాలి, అక్కడ తపేలా. తెలియక చేరి తర్వాత బాధపడకండి."

ఆవిడ నవ్వింది. "కిటికీ తీస్తే బజారు కనబడుద్దాండీ?"

"మొత్తం కనబడుతుందండి."

సాయంత్రం ఈ సంగతి విని మాస్టారు తల పట్టుకున్నాడు. "నిజం చెప్తే ఈ ఇంట్లో ఎవరు చేరతారు మెర్సీ?"

మర్నాడే అంజిబాబు ఫోను చేశాడు. "ఓనరుగారు ఇంకా దిగేరండి. మీరనుకున్న దానికంటే కిందకే."

మాస్టారు కాలరు సర్దుకున్నాడు. "మార్కెట్టంటే అదీ. నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా?"

రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు అరుగు మీద ఆ పెద్దాయనే కూర్చుని ఉన్నాడు. పాపం, ఇంకా ఆశ వదులుకోలేదనుకుంది మెర్సీ. తెచ్చిన పూతరేకుల పొట్లం విప్పి, మాస్టారికొకటిచ్చి, ఇంకొకటి ఆయన చేతిలో పెట్టింది.

"ఏమనుకోకండి బాబాయిగారూ. ఆ ఇల్లు మాకు రాసిపెట్టి ఉంది."

"అనుకోడానికేముందండి. చాలా సంతోషం," అంటూ ఆయన తృప్తిగా తిన్నాడు.

లోపల్నుంచి గుమాస్తా పిలిచాడు. "అమ్మేవారు దుర్గారావుగారు. రండి."

పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని లేచాడు.

మాస్టారి చేతిలో పూతరేకు పొడైపోయింది. "అదేంటండీ... ఒక్కమాటైనా చెప్పలేదు?"

"ఓనరునని చెప్పొద్దని అంజిబాబు ఒట్టేయించుకున్నాడండి. ఇల్లు కురుస్తుందని చెప్పొద్దనలేదు కదండీ."

మెర్సీ నవ్వు ఆపుకోలేకపోయింది. మాస్టారికి మాత్రం సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

"దుర్గారావుగారూ, మా అద్దె ఇల్లు కూడా కురుస్తుందండి. నేను మీకు అబద్ధం..."

"తెలుసండి. ఇక్కడ బిందె, అక్కడ తపేలా. కిటికీలోంచి బజారు కనబడుద్దని మా భూలక్ష్మి మురిసిపోతుంటే నిన్ననే అడ్వాన్సిచ్చేసేను."

మెర్సీ నవ్వు ఆగిపోయింది. "ఆ వానలో వచ్చినావిడ..."

"మా ఆవిడేనమ్మా. ఆ పిల్లకి ఎంతకందితే అంతకే ఇల్లు ఇచ్చేయమంది."

దుర్గారావు వేలిముద్ర వేసి, సిరా తువ్వాలుకు తుడుచుకుంటూ మాస్టారి వైపు తిరిగాడు.

"మార్కెట్టు సంగతి నాకు తెలీదు గానండి మాస్టారూ, ఆ చివర తగ్గిందంతా మీ ఇంట్లో చెప్పిన నిజానికేనండి."