ఎదగని మిల్లు

"వెనక తలుపు నుంచి వెళ్లండి. చెప్పులు కూడా పట్టుకెళ్లండి," అంది జౌదితు.

పనివాళ్లు నవ్వుకుంటూ ఒక్కొక్కరే దొడ్డిదారిన బయటపడ్డారు. నెలకోసారి ఒంటిపూట సెలవు, అదీ జీతంతో, ఎవరికి చేదు? వాళ్లు వెళ్లగానే జౌదితు కారం మిల్లు మీద దుప్పటి కప్పి, దాని ముందు గోనెసంచులు పేర్చింది. మూల పడున్న పాత రోలూ రోకలీ తెచ్చి, గుమ్మంలోంచి చూడగానే కనబడేలా పెట్టింది.

అదామా ఊళ్లో ఆమె కారప్పొడి ఎరగని వంటిల్లు లేదు. కానీ ఆ సంగతి తిబెబు గారికి తెలియకూడదు. చిన్న వ్యాపారాలను నిలబెట్టే ఆఫీసు నుంచి వస్తాడాయన. ఏది కొనాలో, ఎక్కడ అమ్మాలో, ఎప్పుడు తొందరపడకూడదో దగ్గరుండి నేర్పింది ఆయనే. ఒక వ్యాపారం తన కాళ్ల మీద తాను నిలబడిందంటే ఆ ఆఫీసు దాని చేయి వదిలేసి ఇంకొకరి చేయి పట్టుకుంటుంది. అప్పుడు తిబెబు గారు ఇక రాడు. ఆయన రాకపోతే జౌదితు ఇంట్లో కాఫీ కాగదు.

కాఫీ ఒక్కరి కోసం పెట్టుకునేది కాదు. నేల మీద పచ్చగడ్డి పరిచి, గింజలు వేయించి, ఆ పొగ వాసన వచ్చినవాళ్లకు చూపించి, మట్టి కూజాలో కాచి మూడు విడతలుగా పోయాలి. మూడోది దీవెన. అది తాగకుండా ఎవరూ లేవరు. జౌదితు భర్త పోయాడు. కేకేస్తే కాఫీకి వచ్చే ఇరుగుపొరుగును అడిస్ అబాబా రోడ్డు వెడల్పు చేస్తూ తలోచోటికి తరిమేశారు. ఇక పనివాళ్లంటారా, ఒకసారి వాళ్ల కాఫీ దగ్గరికి తానే వెళ్లి కూచుంది. అప్పటిదాకా పగలబడి నవ్వుతున్నవాళ్లు ఠక్కున లేచి నిలబడ్డారు. మిల్లు వచ్చాక వాళ్లు "అక్కా" మానేసి "అమ్మగారూ" అంటున్నారు. ఆ పిలుపు వింటే ఆమెకు ఏడుపొస్తుంది.

తిబెబు గారు బజాజ్ ఆటో దిగాడు. వెనకటికి ఆఫీసు జీపులో వచ్చేవాడు. రిపేరులో ఉందన్నాడు ఒకసారి. సర్కారు జీపుకి జబ్బు చేస్తే అంతే సంగతులు. మెడలో వేసుకునే కార్డు కూడా ఈ మధ్య మర్చిపోతున్నాడు. పెద్దవాడవుతున్నాడు పాపం అనుకుంది జౌదితు.

లోపలికొస్తూనే ఆయన వరసగా తుమ్మాడు.

"ఒక్క రోకలికి ఇంత ఘాటా అమ్మా?"

"గాలి ఇటు తిరిగింది లెండి."

"వ్యాపారం ఎలా ఉంది?"

"ఏదో, ఈడుస్తున్నాను."

"అయితే వచ్చే నెల కూడా రావాలన్నమాట," అంటూ ఆయన స్టూలు మీద తీరిగ్గా సర్దుకున్నాడు.

ఆ తర్వాత వ్యాపారం మాటే ఎత్తలేదు. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. భార్య పోయాక తన ఇంట్లో కాఫీ కూజా అటకెక్కిందని చెప్పాడు. ఈ మాట ప్రతి నెలా చెబుతాడు, ఆమె ప్రతి నెలా కొత్తగా విన్నట్టే వింటుంది. మొదటి కప్పు అయింది. పేలాల గిన్నె ఆయన వైపు జరిపింది గానీ, ఆమె మనసు మనసులో లేదు.

నిన్న వీధి చివర ఉండే బెలెతు వచ్చింది. బుట్టలో రొట్టెలు పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముకునే పిల్ల. సొంత పొయ్యి పెట్టుకుందామని ఆ ఆఫీసుకే వెళితే, ఎవరైనా ఎదిగి తప్పుకుంటే గానీ చోటు లేదన్నారట. "వాళ్లెప్పుడు ఎదుగుతారో అక్కా," అని పోయింది. ఆ వీధిలో తనను ఇంకా అక్కా అనేది ఆ పిల్లొక్కతే.

రెండో కప్పు పోసి, జౌదితు లేచి వెళ్లి దుప్పటి లాగేసింది.

"ఇది నా మిల్లు. పదిమందికి పనిస్తున్నాను. మీరొచ్చే పూట వాళ్లను పంపించేసి రోకలి చూపిస్తున్నాను. నా చోటు బెలెతుకి ఇప్పించండి."

తిబెబు గారు మిల్లు వైపు చూడలేదు.

"ఎందుకు దాచారు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఈ వయసులో ఆ మాట ఎలా అంటుంది?

"పన్నుల భయంతో," అంది.

"అంతేనా?"

"అంతే."

ఆయన కప్పు కింద పెట్టి టోపీ అందుకున్నాడు. "ఆ అమ్మాయిని నేరుగా ఆఫీసుకే వెళ్లమనండి, నేను చెప్పక్కర్లేదు," అన్నాడు.

"మూడో కప్పు?" అందామె.

"ఇక్కడ నా పని అయిపోయింది కదమ్మా."

ఇన్నాళ్లూ మోసపోయానని కోపం వచ్చినట్టుంది, దీవెన కూడా వద్దనుకున్నాడు. కూజాలో కాఫీ అలాగే చల్లారిపోయింది. ఆమె ఒక్కతే కూచుని ఏడ్చింది.

మరుసటి నెల పనివాళ్లను పంపించలేదు. మిల్లు హోరెత్తుతోంది. అయినా వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా జౌదితు అటు తల తిప్పుతూనే ఉంది. సాయంత్రం బెలెతు పరుగున వచ్చింది. పొయ్యికి సాయం దొరికిందట.

"నా చోటే కదా ఇచ్చారు?" అంది జౌదితు.

"కాదక్కా, వేరే ఎవరో తప్పుకున్నారట. నీ గురించి అడిగాను. జౌదితు మిల్లు బాగా ఎదిగింది, ఇక మన అవసరం లేదని తిబెబు గారే చెప్పి, నీ చోటు ఎప్పుడో ఇంకొకరికి ఇప్పించేశారట."

"ఎప్పుడు?"

"రెండేళ్ల కిందట, ఆయన రిటైరైన రోజు."