పదకొండుకు ఒకటి

“ఎంత పవర్ కావాలె మేడమ్?” అని అడిగాడు విజయేందర్.

“ఎంత వస్తే అంత,” అంది మధులత.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది విజయేందర్ మెకానిక్ షెడ్డు. ఆడపిల్లలు అక్కడికి ఒంటరిగా రావడం తక్కువ. వచ్చినా ఆయిల్ మార్చమంటారు, పోతారు. ఈమె మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్న నీలం రంగు హ్యాచ్‌బ్యాక్ తెచ్చి, ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టమంటోంది. హై కంప్రెషన్ కావాలట. దాని మీద పెద్ద టర్బో కావాలట.

“రేసులకా?”

“ఒక మనిషి కోసం. వాని వల్ల మా తమ్ముడు పోయిండు. రింగు రోడ్డు మీద.”

విజయేందర్ చేతులు తుడుచుకోవడం ఆపాడు. రింగు రోడ్డు మీద పందేలు కట్టుకుని బండ్లు తోలే పిల్లలు అతనికి బాగా తెలుసు. సగం మంది తన గిరాకీలే.

“వాన్ని ఓడగొడతరా?”

“వదిలిపెట్టనన్నా. అంతే.”

తమ్ముడి పేరు అతను అడగలేదు. గిరాకీల ఇంటి సంగతులు అతనికి అక్కర్లేదు.

“రెండు నెలలు పడ్తది మరి.”

“పట్టనియ్యి. రెండేళ్లు ఆగిన.”

మధులత అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి, ఒక చిన్న కంపెనీలో చేరింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఆఫీసు అయ్యాక హాస్టల్‌కు పోకుండా షెడ్డుకు వచ్చేది. టైర్ల పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది. ఫోన్ బయటికి తీసేది కాదు. బడిపిల్లలా ఒక్కో ప్రశ్నా అడిగేది.

“పదకొండుకు ఒకటి అంటే ఏందన్నా?”

“పదకొండు వంతుల జాగల ఉన్న గాలీ పెట్రోలూ ఒక్క వంతు జాగలకు నొక్కుడు. ఎంత నొక్కితే అంత దమ్ము. పైకెళ్లి టర్బో ఇంకింత గాలి కుక్కుతది.”

“లోపల సామాను ఆగుతదా?”

“మామూలు పిస్టన్ ఆగదు. ఫోర్జ్‌డ్ పడాలె. పోత పోసింది కాదు, ఒత్తి చేసింది. ఇగో, మీ బండికే తెప్పించిన. జర్మనీ మాల్.”

అట్టపెట్టె విప్పి ఒక పిస్టన్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా వెనక్కి ఇచ్చింది. ఆ పెట్టెను అతను మూడేళ్లుగా ప్రతి గిరాకీకీ చూపిస్తున్నాడు. అందులోని పిస్టన్లు ఇంతవరకు ఏ ఇంజన్‌లోకీ వెళ్లలేదు.

“ఇవి గాకుండ మామూలువి ఏస్తే ఏమైతది?”

“నిండా ఒక్కసారి తొక్కితే చాలు. పిస్టన్ పగులుతది. రాడ్ ఇంజన్‌ను చీల్చుకుని బయటికొస్తది. ఆయిల్ పోయి ఎర్రగ కాలే టర్బో మీద పడ్తది. ఇగ మంటలే.”

తన పని విలువ ఆమెకు తెలియాలని కాస్త గొప్పగానే చెప్పాడు.

“దిగే టైం ఉండదా?”

“ఏడుంటది మేడమ్.”

ఆమె లేచి, చాయ్ తాగడానికి రోడ్డు మీదికి వెళ్లింది.

షెడ్డులో పాత ఫిట్టర్ సారయ్య ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగాడు.

“అన్నా, ఈ బండికి సుత మామూలువేనా?”

“మెల్లగ తోలితే ఏడాది ఆగుతయి.”

“ఆమె పందెం ఆడుతదంటున్నది గదనే.”

“ఆడనియ్యి. గేటు దాటినంక మనకేం సంబంధం? మంచి పెట్రోల్ పొయ్యలేదని చెప్తం.”

“ఆడపిల్ల అన్నా.”

“ఆడపిల్ల గాబట్టే ఫికర్ లేదు. ఇంజన్ ఇప్పి చూసేదెవరు?”

సారయ్య చేతిలోని పానా కింద పెట్టాడు. కాసేపటికి మళ్లీ తీసుకున్నాడు.

రెండు నెలలకు బండి తయారైంది. ఆదివారం పొద్దున బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. విజయేందర్ నవ్వుతూ తాళం చెవి చాపాడు.

“కొత్త ఇంజన్‌ను మెల్లగ తిప్పే రన్నింగ్ పీరియడ్ సుత అయిపోయింది మేడమ్. సారయ్య వెయ్యి కిలోమీటర్లు తిప్పిండు. ఇగ మీ ఇష్టం, ఎంతన్నా తొక్కుండ్రి.”

మధులత తాళం అందుకోలేదు.

“మా ఊళ్లె బావి తవ్వినాయనకే ముందుగాల నీళ్లు తాగిపిస్తరన్నా. మొదటి రౌండు నువ్వే కొట్టు. రింగు రోడ్డు మీద, నిండా. నేను పక్కన కూసుంట.”

“నాకు నడుము నొప్పి మేడమ్. సారయ్య తోలుతడు.”

సారయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. “మెల్లగైతే తోల్త. నిండా తొక్కుడు నాతోని కాదు.”

గేటు దగ్గర ఇద్దరు కొత్త గిరాకీలు నిలబడి చూస్తున్నారు. ఒకతను ఫోన్‌లో వీడియో కూడా మొదలుపెట్టాడు. విజయేందర్ స్టీరింగ్ ముందు కూర్చోక తప్పలేదు. మధులత అప్పటికే పక్క సీట్లో ఉంది.

ఇంజన్ స్టార్ట్ అయింది. నిమ్మకాయలు చితకలేదు. బండి అక్కడే నిలబడి గుర్రుమంటోంది. అతని కాలు యాక్సిలరేటర్ మీద ఆనీ ఆననట్టు ఉంది.

“నేనెందుకు మేడమ్,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా. “మీ తమ్ముణ్ణి చంపినోడు ఎవడో, వాని ముందట మీరే తొక్కుండ్రి.”

మధులత సీటు బెల్టు పెట్టుకుంది.

“మా తమ్ముడి బండికి సుత ఇంజన్ కట్టింది నువ్వే అన్నా, తొక్కు.”